నాన్నగారి చేతి జీపీఎస్ అమ్మేయాలా? వద్దు, బెంగళూరులోనే దానికి బోలెడు పనులున్నాయి

మీ ప్రశ్న చదివాను. ఊళ్లో బీరువా సర్దుతుంటే రిటైరైన నాన్నగారి గార్మిన్ ఈట్రెక్స్ 30, అంటే చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం, దొరికింది, బెంగళూరు తెచ్చుకున్నారు. మీకు ట్రెక్కింగ్ అలవాటు లేదు. ఉండేది మహదేవపురలో ఫ్లాటులో, ఫోన్లో మ్యాప్స్ ఎలాగూ ఉన్నాయి. దీన్ని ఉంచుకుంటే రోజువారీ జీవితంలో ఏమన్నా పనికొస్తుందా, లేక పాత వస్తువుల సైట్‌లో పెట్టేయడమే మేలా అని అడిగారు.

ఉంచుకోండి. దారి చూపించడానికి మాత్రం కాదు. ఆ పని ఫోన్ ఎప్పటినుంచో దీనికంటే బాగా చేస్తోంది. చేతి జీపీఎస్ బలం వేరే చోట ఉంది. ఒక చోటు సరిగ్గా ఎక్కడుందో చెప్పడం కంటే, రెండు చోట్ల మధ్య తేడా చెప్పడంలో అది గట్టిది. ఎత్తులో తేడా, దిక్కులో తేడా, దూరంలో తేడా. ఇంటి పనుల్లో, పొలం పనుల్లో మనకు కావలసింది చాలావరకు ఈ తేడాలే.

నేను బోరుబావులు, చెరువుల సర్వే పని మీద ఇరవై ఏళ్లుగా వీటిని వాడుతున్నాను. సొంతూరు కదిరి వైపు, ఉండేది కృష్ణరాజపురంలో. కింద రాసినవి నేను చేసి చూసినవి.

ముందు కారణం చెప్తాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతా ఉపయోగాలు మీకే తడతాయి. ఆకాశం బాగా కనిపించే చోట ఈ పరికరం చూపే స్థానంలో సుమారు 3 నుంచి 5 మీటర్ల తప్పు ఉంటుంది. ఉపగ్రహాలు ఉన్నది 20,200 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ వాతావరణం పై పొరల్లో కాస్త ఆలస్యమవుతుంది. తప్పులో పెద్ద భాగం అదే. అది క్షణక్షణం మారదు, నిదానంగా మారుతుంది. అందుకని పది నిమిషాల్లోపు రెండు చోట్ల గుర్తు పెడితే ఆ రెండు గుర్తులూ దాదాపు ఒకే వైపు, ఒకే కొలతలో జరిగి ఉంటాయి. రెండింటి మధ్య తేడా తీస్తే ఆ తప్పు చాలావరకు పోతుంది. ఎత్తైన భవనాల మధ్య మాత్రం ఈ లెక్క పనిచేయదు. గోడలకు, అద్దాలకు తగిలి వచ్చే సిగ్నల్ ఒక్కో చోట ఒక్కో రకంగా తప్పు చూపిస్తుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుల మధ్య నిలబడి కొలిచి, పరికరం పాడైందనుకోకండి.

స్థలం కొనేముందు ఎత్తు చూడటం

బెంగళూరులో నేను దీన్ని అన్నిటికంటే ఎక్కువగా వాడేది దీనికే. 2022 సెప్టెంబరు మొదటి వారం వానలు మీకు గుర్తుండే ఉంటాయి. బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు కోట్లు పోసి కొన్న విల్లాల్లోంచి జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తీసుకొచ్చారు. ఈ నగరంలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. ఒకటి నిండితే మిగులు నీళ్లు రాజకాలువలో పడి కిందున్న చెరువుకు వెళతాయి. బెళ్లందూరు చెరువు నీళ్లు వర్తూరుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి పోతాయి. లేఅవుట్ వేసి, కాంపౌండు కట్టి, చెట్లు నాటాక ఆ వాలు మనిషి కంటికి కనపడదు. నీళ్లకు మాత్రం కనపడుతుంది.

మీ ఈట్రెక్స్ 30లో గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటరు ఉంది. ఉపగ్రహాలతో మాత్రమే లెక్కకట్టిన ఎత్తులో తప్పు ఎక్కువ, పది మీటర్లు అటూ ఇటూ పోవడం మామూలే. బారోమీటరు చెప్పే ఎత్తు తేడా మాత్రం తక్కువ సమయంలో కొలిస్తే మీటరు దాకా నమ్మొచ్చు. చేసే పద్ధతి ఇది. స్థలం దగ్గర పరికరం ఆన్ చేసి పావుగంట అలా వదిలేయండి. ఆ తర్వాత ఎత్తు రాసుకోండి. నడిచి దగ్గర్లోని రాజకాలువ గట్టు మీదకు వెళ్లి రాసుకోండి. వెంటనే వెనక్కి వచ్చి స్థలం దగ్గర మళ్లీ రాసుకోండి. ఈ మూడో అంకె తప్పనిసరి. మొదటిదానికి, మూడోదానికి మధ్య తేడా వస్తే మీరు నడిచిన సమయంలో గాలి ఒత్తిడి మారిందన్నమాట. ఆ రెండింటి సగటు తీసుకోండి.

మా తోడల్లుడు సర్జాపుర రోడ్డు లోపల ఒక లేఅవుట్‌లో స్థలం చూశాడు. అడ్వాన్సు ఇచ్చే ముందు రోజు ఇద్దరం వెళ్లాం. స్థలం దగ్గర 874 మీటర్లు, కాలువ గట్టు మీద 877, తిరిగొస్తే స్థలం దగ్గర 875. అంటే కాలువ గట్టు కంటే స్థలం సుమారు రెండున్నర మీటర్లు పల్లంలో ఉంది. పటంలో కాలువ 200 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి భయం లేదని అమ్మేవాళ్లు చెప్పారు. దూరం సరే, గట్టు తెగినా పొంగినా నీళ్లు ఎటు వస్తాయో ఈ మూడు అంకెలే చెప్పాయి. ఆ స్థలం వదిలేశాడు. కొనడమా మానడమా తేల్చే ఇలాంటి పెద్ద విషయంలో ఒక్క రోజు కొలతతో ఆగకండి. ఇంకో రోజు వెళ్లి మళ్లీ కొలవండి, అక్కడ పాతికేళ్లుగా ఉంటున్న వాళ్లను కూడా అడగండి.

ఇంకో మాట. బారోమీటరును టేబుల్ మీద పెట్టి పొద్దున 10కి, సాయంత్రం 4కి చూస్తే ఎత్తు ముప్పై మీటర్ల దాకా పెరిగినట్టు చూపించొచ్చు. పాడవలేదు. మన ఉష్ణమండలంలో గాలి ఒత్తిడి రోజూ పొద్దున 10 ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. ఒక మిల్లీబార్ తగ్గితే బెంగళూరు ఎత్తులో సుమారు 9 మీటర్లు పైకెక్కినట్టు పరికరానికి అనిపిస్తుంది. అందుకే కొలత తక్కువ సమయంలో ముగించాలని, వెంటనే వెనక్కి రావాలని చెప్పాను. ఇదే గుణాన్ని ఇంకోలా వాడుకోవచ్చు. పరికరాన్ని కదపకుండా ఇంట్లో పెట్టి రోజూ ఒకే గంటకు ఒత్తిడి రాసుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు ఆ అంకె రోజురోజుకూ పడిపోతుంది.

దిక్కు: తూర్పు ముఖం నిజంగా తూర్పేనా

మన తెలుగువాళ్లు ఇల్లు చూడటానికి వెళితే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది ఫోన్లో దిక్సూచి తెరిచి గుమ్మం ముందు నిలబడతారు. అపార్ట్‌మెంట్ స్లాబులో ఇనుప కడ్డీలు, పక్కన ఇనుప గేటు, కింద పార్కింగ్‌లో కార్లు. ముల్లు పది ఇరవై డిగ్రీలు పక్కకు పోతుంది. రెండడుగులు జరిగితే ఇంకోటి చెబుతుంది. మీ ఈట్రెక్స్‌లో కూడా అయస్కాంత దిక్సూచి ఉంది, దానికీ ఇదే రోగం.

అయస్కాంతం వదిలేసి స్థానాలతో తేల్చండి. ఇంటి ముందు రోడ్డు తిన్నగా ఉంటే ఒక చివర నిలబడి వేపాయింట్ యావరేజింగ్ (ఒకే చోటును పదేపదే కొలిచి సగటుతో గుర్తు పెట్టే సదుపాయం) పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఆగండి. వంద మీటర్లు నడిచి రెండో చివర అలాగే చేయండి. సెట్టింగుల్లో ఉత్తరం 'ట్రూ' (అయస్కాంత ఉత్తరం కాదు, అసలు ఉత్తరం) అని పెట్టుకుని, మొదటి గుర్తు నుంచి రెండోదానికి బేరింగ్, అంటే ఉత్తరం నుంచి కోణం, ఎంతో చూడండి. అది రోడ్డు పోయే దిక్కు. ఇల్లు రోడ్డుకు ఎదురుగా ఉంటే దానికి 90 డిగ్రీలు కలపడమో తీసేయడమో చేస్తే ఇంటి ముఖం తెలిసిపోతుంది. వంద మీటర్ల మీద 3 మీటర్ల తప్పు వచ్చినా కోణంలో రెండు డిగ్రీలు దాటదు. యాభై మీటర్లే నడిస్తే ఆ తప్పు రెట్టింపు అవుతుంది, కాబట్టి వీలైనంత దూరం నడవండి.

మా చెల్లెలు కొన్న ఇంటికి 'పక్కా తూర్పు' అని చెప్పారు. లెక్క కడితే 68 డిగ్రీలు వచ్చింది, అంటే తూర్పు నుంచి ఈశాన్యం వైపు 22 డిగ్రీలు తిరిగి ఉంది. అది మంచిదో కాదో సిద్ధాంతి గారు చెప్పాలి, నా పని అంకె ఇవ్వడం వరకే. ఆయన ఆ అంకె చూసి పూజ గది చోటు మార్పించారు. మీకు వాస్తు పట్టింపు లేకపోయినా సోలార్ పలకలు బిగించేటప్పుడు ఇదే పద్ధతి పనికొస్తుంది, వాటిని దక్షిణం వైపు తిప్పి పెడతారు.

పంచాంగం, సూర్యోదయం

మా అత్తగారిది విశాఖపట్నం. ఏ శుభకార్యమైనా అక్కడి క్యాలెండరు చూసి ఫోన్లో సమయాలు చెప్పేవారు. విశాఖ రేఖాంశం 83.3 డిగ్రీలు, బెంగళూరు 77.6. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడికీ ఇక్కడికీ సూర్యుడు 23 నిమిషాలు తేడా. అక్షాంశం తేడా కూడా కలిస్తే జూన్‌లో సూర్యోదయం అరగంట పైగా తేడా పడుతుంది, డిసెంబరులో పావుగంట లోపే. మన దేశ కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కగా పోతుంది కాబట్టి కోస్తా వాళ్లకు గడియారం, సూర్యుడు దాదాపు కలిసే ఉంటాయి. మనకు ఇక్కడ కలవవు.

మీ పరికరంలో 'సన్ అండ్ మూన్' అనే పేజీ ఉంది. నిలబడిన చోటుకు, కావలసిన తేదీకి సూర్యోదయ, అస్తమయాలు చెబుతుంది. నెట్ అక్కర్లేదు. రాహుకాలం పగటిని ఎనిమిది భాగాలు చేసి చూసేది. సోమవారం రెండో భాగం. సూర్యోదయం 6 అనుకుంటే 7:30 నుంచి 9. కానీ జనవరి చివర్లో బెంగళూరులో సూర్యోదయం 6:45 దాటుతుంది, కాబట్టి ఆ రోజుల్లో సోమవారం రాహుకాలం మొదలయ్యేది సుమారు 8:10కి. ఇది చూపించాక మా అత్తగారు సమయాలు చెప్పేముందు 'మీ ఊరి సూర్యోదయం ఎంత నాయనా' అని నన్నే అడగడం మొదలుపెట్టారు. తిథి, నక్షత్రాలు మాత్రం ఇందులో దొరకవు, వాటికి పంచాంగమే.

వాడేముందు తెర మీద తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. జీపీఎస్‌లో వారాల లెక్క 1,024 అయ్యాక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్ 6న అలా ఒకసారి మారింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయని పాత పరికరాలు కొన్ని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి తేదీ చూపిస్తాయి. తేదీ తప్పితే సూర్యోదయమూ తప్పుతుంది.

రాత్రి రైల్లో లేపడానికి

ఇది నా ప్రాణానికి సుఖమిచ్చిన ఉపయోగం. ఊరికి పోవాలంటే నేను ధర్మవరంలో దిగాలి. రైలు అర్ధరాత్రి దాటాక చేరుతుంది, ఒక్కోసారి గంట ఆలస్యం. ఫోన్ అలారం పెట్టుకుంటే ఆలస్యమైన రోజు ముందే లేచి కూర్చోవాలి. ఒకసారి నిద్రపట్టేసి గుంతకల్లులో తేలాను, పక్కన అమ్మ ఉంది, తెల్లవారేదాకా ఆమెను ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

తర్వాత నుంచి ప్రాక్సిమిటీ అలారం వాడుతున్నాను. స్టేషన్‌ను వేపాయింట్‌గా పెట్టి 15 కిలోమీటర్ల వలయం ఇస్తే, రైలు ఆ వలయంలోకి అడుగుపెట్టగానే మోగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 11 నిమిషాలు చేతిలో ఉంటాయి. చెప్పులు వెతుక్కుని, సంచులు తీసుకుని తలుపు దగ్గరికి రావడానికి సరిపోతాయి. ఎంత ఆలస్యమైనా పట్టింపు లేదు, అది చూసేది చోటును, గడియారాన్ని కాదు. రైల్వే వాళ్ల 139 నంబరులో కూడా లేపే సదుపాయం ఉంది, అది ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడుతుంది. షరతులు రెండు. స్లీపర్ బోగీలో కిటికీ పక్కన పెడితేనే సిగ్నల్ అందుతుంది, ఏసీ బోగీ మధ్య బెర్తులో అందదు. బయల్దేరే ముందు కొత్త సెల్స్ వేయాలి. రెండు ఏఏ సెల్స్‌తో ఇది 25 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క, సగం అయిపోయిన పాత సెల్స్‌తో కాదు.

పొలం చుట్టూ నడిచి విస్తీర్ణం

ఏరియా క్యాలిక్యులేషన్ అని ఉంటుంది. మొదలుపెట్టి గట్టు మీద చుట్టూ నడిచి వస్తే విస్తీర్ణం చెబుతుంది. పాస్‌బుక్కులో 4.80 ఎకరాలున్న మా మామిడి తోటను మూడుసార్లు చుట్టాను. 4.71, 4.86, 4.77 వచ్చాయి. కంచె తీగ ఎంత పట్టాలి, ఎకరాకింత అని దున్నే ట్రాక్టరుకు ఎంత ఇవ్వాలి, ఎన్ని మొక్కలు తేవాలి అనేదానికి ఇది చాలు.

స్థలం చిన్నదైతే మాత్రం దీన్ని ముట్టుకోకండి. గీత చుట్టూ ఒక్క మీటరు బయటికి జరిగిందనుకుందాం. ఐదెకరాల మీద మూడు శాతం లోపు తేడా. ఎకరం మీద ఆరు శాతం, అంటే ఆరు సెంట్లు. అదే 30×40 సైటు మీద మూడో వంతు కంటే ఎక్కువ! సరిహద్దు తగాదాకు కూడా ఇది సాక్ష్యం కాదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవర్లు అనే సర్వే పరికరాలు సెంటీమీటర్లలో కొలుస్తాయి, ఎందుకంటే వాటికి నేల మీద స్థిరంగా ఉన్న స్టేషన్ల నుంచి దిద్దుబాటు అందుతుంది. మీ చేతిలోదానికి అందదు. అన్నదమ్ముల పంపకాల్లో దీని అంకె బయటపెట్టి మాటలు పెంచుకున్న ఇంటిని నేను చూశాను. అలాంటప్పుడు లైసెన్సున్న సర్వేయరే రావాలి.

అంకెలు పంపేటప్పుడు ఒక జాగ్రత్త

మా అన్నయ్య కూతురి పుట్టినరోజుకు కబ్బన్ పార్కులో పిల్లలకు నిధి వేట పెట్టాను. చుట్టాలకు చోటు చెప్పడానికి పరికరంలో కనిపించిన అంకెలు అలాగే మెసేజ్ చేశాను: 12° 58.300', 77° 35.600'. మా బావగారు వాటిని ఫోన్లో 12.583, 77.356 అని కొట్టారు. ఫోన్ ఆయన్ని కనకపుర వైపు తీసుకెళ్లింది, అసలు చోటుకు 43 కిలోమీటర్లు దక్షిణంగా, 26 కిలోమీటర్లు పడమరగా. కనకపుర రోడ్డు మీద చాలా దూరం పోయాక అనుమానమొచ్చి ఫోన్ చేశారు. డిగ్రీకి 60 నిమిషాలు, కాబట్టి 58.300ని 60తో భాగిస్తేనే దశాంశం వస్తుంది. అది 12.97167. ఆ రోజే సెట్టింగుల్లో పొజిషన్ ఫార్మాట్‌ను దశాంశ డిగ్రీలకు మార్చేశాను. మీరూ మొదట అదే చేయండి. దశాంశం తర్వాత ఐదు అంకెలు చాలు, ఐదో అంకె విలువ ఒక మీటరు.

నిధి వేట మాత్రం పిల్లలకు బ్రహ్మాండంగా నచ్చింది. ఇది కొత్త ఆట కాదు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పును ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా ఉండే తప్పు ఒక్క రాత్రిలో పదిహేను ఇరవై మీటర్లకు దిగింది. మరుసటి రోజే ఆరెగాన్‌లో ఒకాయన బకెట్‌లో సామాన్లు దాచి అంకెలు నెట్‌లో పెట్టాడు, జియోకాషింగ్ అనే ఈ నిధి వేట ఆట అక్కడ మొదలైంది. పార్కులో బకెట్లు, సంచులు దాస్తే సెక్యూరిటీ వాళ్లు కంగారు పడతారు. నేను చెట్ల దగ్గర ఏమీ పెట్టలేదు, 'ఈ అంకెల దగ్గరున్న చెట్టు పేరేంటి' అని ప్రశ్నలు రాసిచ్చాను.

ఇంకో ఆట మీకు బెంగళూరులోనే దొరుకుతుంది. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మల్లేశ్వరం మీదుగా పోతుంది. పిల్లల్ని తీసుకెళ్లి 13.00000 కనిపించేదాకా వీధిలో నడిపించండి. అదే గీతను పట్టుకుని తూర్పుకు పోతే మాలూరు దాటాక 78 డిగ్రీల రేఖను కలుస్తుంది, ఇంకా పోతే చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ దగ్గరికి చేరుతుంది. 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ ఉక్కు గొలుసు పరిచి మన దేశపు మహా త్రికోణ సర్వేకు తొలి కొలత మొదలుపెట్టిన చోటు ఆ కొండ పక్కనే. మా అన్నయ్య కూతురికి అక్షాంశమంటే ఏమిటో బడిలో కాదు, ఆ వీధిలో అర్థమైంది.

మిగతావి టూకీగా. కారు, బండి స్పీడోమీటరు నిజం చెబుతోందో లేదో ఖాళీ రోడ్డు మీద పక్కన కూర్చున్నవాళ్లు దీన్ని చూసి చెప్పొచ్చు. స్పీడోమీటర్లు తక్కువ చూపించకూడదని నియమం, అందుకే కాస్త ఎక్కువే చూపిస్తాయి. లాల్‌బాగ్ పూల ప్రదర్శన రోజున బండి ఎక్కడ పెట్టారో గుర్తు పెట్టుకోవచ్చు, బేస్‌మెంట్ పార్కింగ్‌లో పనిచేయదు. పొలంలో మట్టి కింద పూడ్చిన పైపు వాల్వులకు గుర్తులు పెట్టుకుంటే నాలుగేళ్ల తర్వాత పొలమంతా తవ్వకుండా రెండు మూడు గుంతలతో దొరుకుతాయి. ఇంట్లో గోడలోని పైపుకు మాత్రం టేపే గతి.

ఒక అపోహ చాలామందికి ఉంది. పెద్దవాళ్ల జేబులో ఇది పెడితే వాళ్లెక్కడున్నారో మనకు తెలుస్తుందని అనుకుంటారు. తెలియదు. ఇది సిగ్నల్ అందుకుంటుంది అంతే, ఎవరికీ ఏమీ పంపదు. మతిమరుపున్న పెద్దవాళ్ల కోసం సిమ్ కార్డు వేసే ట్రాకర్లు వేరే ఉన్నాయి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు కూడా ఉన్నాయి, వాటిని అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. విదేశాల నుంచి ఎవరైనా బహుమతిగా తెస్తామంటే వద్దనండి.

ఇక మీ పరికరం గురించి. ఏళ్ల తరబడి బీరువాలో ఉంది కాబట్టి ముందు సెల్స్ అర తెరిచి చూడండి. పాత సెల్స్ కారి ఉంటే తెల్లటి పొడి కనిపిస్తుంది. వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరాక కొత్తవి వేయండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మేడ మీద పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఉపగ్రహాల పట్టిక మొత్తం అందడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. వెంటనే స్థానం చూపించలేదని పాడైందనుకోవద్దు.

సెట్టింగులు గందరగోళంగా ఉన్నాయని రీసెట్ చేయబోతే ఒక్క నిమిషం ఆగండి. మినీ యూఎస్‌బీ వైరుతో కంప్యూటరుకు కలిపి, గార్మిన్ ఫోల్డరులో జీపీఎక్స్ అనే ఫోల్డరును ముందు కాపీ చేసుకోండి. నాన్నగారు పెట్టుకున్న గుర్తులు, నడిచిన దారులు అందులో ఉంటాయి. పొట్టి పేర్లతో, ఒక్కోసారి వట్టి నంబర్లతో ఉంటాయి కాబట్టి అవేంటో చూస్తే మీకు అర్థం కాదు. పటం తెరిచి ఆయన పక్కన కూర్చుని ఒక్కోటి అడిగి పేర్లు రాసుకోండి. ఆ పని ఈసారి ఊరెళ్లినప్పుడే చేయండి.